తొట్టిలో ముంచిన సర్కారు గుడ్డ

నా బల్ల మీద ఒక కత్తెర ఉంటుంది. వారంలో తక్కిన రోజులన్నీ అది కత్తెరే. మంగళవారం నాడు మాత్రం అది మొసలి. నోరు మూసుకుని పడుకున్నా సరే, నా వేళ్ళనే లెక్కపెట్టుకుంటున్నట్టు ఉంటుంది. ఇంతవరకూ నన్ను కరవలేదు. కరవదన్న నమ్మకం కూడా నాకు కుదరలేదు.

ఈ భయం నాకు సర్కారు ఖర్చు మీద అబ్బింది. దాని కథ చెప్తాను. నేను కొంచెం పెంచి చెప్తానని మా ఇంట్లో వాళ్ళు అంటారు. భయపడ్డ మనిషికి ప్రతిదీ పెద్దగానే కనబడుతుంది. నేను చూసిన సైజులోనే చెప్తున్నాను.

ఎనభైలు ఇంకా మొదలు కాలేదు. మా నాయన తిరుపతి స్టేషను నుంచి అలిపిరికి జట్కా తోలేవాడు. మా గుర్రం ఎంత ముసలిదంటే, కొండకు మెట్లు కట్టేటప్పుడు రాళ్ళు మోసింది అదేనని నాయనే యాత్రికులకు చెప్పేవాడు. కొందరు దానికి దండం కూడా పెట్టారు. తర్వాత బస్సులు పెరిగాయి. రైలు దిగినవాళ్ళు దిగినట్టే బస్సెక్కేవాళ్ళు. మా గుర్రం స్టేషను ముందర నిలబడి నిలబడి, ఇంక ఎవరూ రారని తేల్చుకుని ఒకరోజు కూర్చుంది. మళ్ళీ లేవలేదు. నాయన కూడా లేచాడని చెప్పలేను. మార్కెట్లో మూటలు మోయడానికి పోయేవాడు గానీ, ఇంట్లో కూర్చున్నప్పుడు రెండు చేతులూ కళ్ళెం పట్టుకున్నట్టే ముందుకు చాపి ఉండేవి.

ఇల్లు నడిచేది అమ్మ మీద. అమ్మ శెనక్కాయల మిల్లులో పప్పు ఏరేది. ఆ మిల్లు దుమ్ము గురించి ఎంత చెప్పినా తక్కువే. సాయంత్రం ఇంటికి వచ్చిన ఆడవాళ్ళను చీర రంగును బట్టి కాదు, దగ్గును బట్టి గుర్తుపట్టేవాళ్ళం. మా అమ్మ దగ్గు సందు మొదట్లోనే వినబడేది. అది వినబడగానే తడికె మీది కాకులు లేచిపోయేవి, పక్కింటి మేక తాడు తెంపుకునేది. ఇలా నవ్వుతూ రాస్తాను గానీ, ఆ దగ్గు వినబడ్డప్పుడల్లా అది రేపటి నా దగ్గే అనిపించేది. ఎందుకంటే మిల్లు మేస్త్రీ అమ్మతో ఒక మాట అన్నాడు: "నీ కూతురు ఊరికే ఉండాది గదమ్మా. తోడుకోనిరా. నీ పక్కనే కూర్చోబెడతా."

అమ్మ పక్క చోటు ఎందుకు ఖాళీ అయిందో నాకు తెలుసు. అక్కడ కూర్చునే ఆవిడ దగ్గి దగ్గి, ఊపిరి ఆడక, ఆ చలికాలమే పోయింది.

సరిగ్గా అప్పుడే మా పేట మీద సర్కారు దయ పడింది. రైల్వే గేటుకు అవతల ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకుని, పేద మహిళలకు ఉచితంగా కుట్టుపని నేర్పిస్తామని బోర్డు కట్టారు. చివర్లో ఒక పరీక్ష ఉంటుంది. చిత్తూరు నుంచి ఆఫీసరు వచ్చి పెడతారు. పాసైన వాళ్ళకు కుట్టుమిషను ఊరికే ఇస్తారు. తప్పిన వాళ్ళకు ఏమిస్తారని అడిగితే, ఇంటికి పంపిస్తారని టీచరమ్మ చెప్పింది. నా విషయంలో ఇల్లంటే మిల్లే. పాసైతే మిషను, తప్పితే శెనక్కాయలు. అమ్మ కూడా అంతే చెప్పింది: "మిషనొస్తే ఇంట్లో కూర్చుని కుట్టుకో. రాకుంటే నాతో రా. ఇంగ మూడోది లేదు మనకి."

ఆ సెంటరు గురించి చెప్పాలి. మిషన్లు శాంక్షనయ్యాయి. దారం శాంక్షనయింది. టీచరమ్మ కూర్చునే కుర్చీ శాంక్షనయింది, కుర్చీకి మూడు కాళ్ళు మాత్రమే శాంక్షనయినట్టున్నాయి, నాలుగో దాని కింద ఇటుక పెట్టుకునేది. గుడ్డ మాత్రం శాంక్షను కాలేదు. హైదరాబాదులో ఫైలు ఉందనేవాళ్ళు. కుట్టుపని నేర్పే చోట గుడ్డ లేకపోవడం ఈత నేర్పే చోట నీళ్ళు లేకపోవడం లాంటిదే. అయినా మేం ఈదాం. టీ అంగడి నుంచి పాత పేపర్లు తెచ్చుకుని వాటి మీద జాకెట్లు కత్తిరించాం. ముందు భాగం, వెనుక భాగం, చేతులు, మెడ, అన్నీ పేపరే. బజ్జీల నూనె మరకలున్న చోట ముడతలు పెట్టేవాళ్ళం. మంత్రులంతా మా చేతుల్లోనే ఉండేవాళ్ళు. ఒక మంత్రిగారు సభలో నవ్వుతూ చెయ్యి ఊపుతున్న ఫోటోను నేను సరిగ్గా చంక దగ్గర పెట్టాను. టీచరమ్మ దాన్ని పక్కకు తిప్పి, "ఈయన్ను వెనక్కి మార్చుమే, ఎవురైనా సూస్తే సెంటరు మూసేస్తారు," అంది.

ఆ పేపరు జాకెట్లన్నీ గోడకు తగిలించేవాళ్ళం. రైలు పోయినప్పుడల్లా అవి అన్నీ ఒక్కసారిగా గలగలమనేవి. తలలు లేని, నడుముల్లేని ఆడవాళ్ళు వరసగా నిలబడి గుసగుసలాడుతున్నట్టు. నేను వాటికి వీపు పెట్టి ఎప్పుడూ కూర్చోలేదు.

టీచరమ్మది చిత్తూరు అవతల, అరవదేశం సరిహద్దు పక్క ఊరు. వెదురుపుల్లంత సన్నం. చర్చికి పోయే మనిషి. వారాలూ వర్జ్యాలూ ఆమె నమ్మేది కాదు. ఆఫీసర్లను మాత్రం నమ్మేది. జీపు చప్పుడు ఎక్కడ వినబడినా, "ఏసయ్యా," అని లేచి నిలబడేది. అది చెరకు రసం మిషను చప్పుడని తెలిశాక కూడా కాసేపు నిలబడే ఉండేది, ఎందుకైనా మంచిదని.

నా పక్క మిషను చంద్రగిరి అక్కది. రోజూ చంద్రగిరి నుంచి బస్సులో వచ్చేది. మనిషి కోట బురుజు మాదిరి ఉండేది. ఆమె కూర్చుంటే స్టూలు ఆమె చీరలో కలిసిపోయి, గాలిలో కూర్చున్నట్టు కనబడేది. నోరు పెద్దది. మా సెంటరు మొత్తంలో ధైర్యమున్న మనిషి ఆమె ఒక్కతే అని నేను అనుకునేదాన్ని.

ఒకనాడు టీచరమ్మ ఒక కాగితం పట్టుకుని వచ్చి, "మంగళారం పొద్దున ఆఫీసరమ్మ వస్తాంది. గుడ్డ కూడా ఆమే జీపులో తెస్తాంది. అక్కడికక్కడే కత్తిరించి, కుట్టి సూపించాల. పనికొచ్చేట్టు లేకుంటే వచ్చే ఏడాదికి ఈ సెంటరుకు డబ్బులివ్వరంట," అని చెప్పింది.

సంతోషించాల్సిన విషయమే. గుడ్డ వస్తోంది. అయినా గదిలో ఒక్క మిషనూ కదలలేదు. అందరి నోళ్ళలోనూ ఒకే మాట ఉంది. చంద్రగిరి అక్క దాన్ని బయటపెట్టింది.

"మంగళారమా?"

"అవును. ఏం?"

"మంగళారం కొత్త గుడ్డకు కత్తెర పెడతారా యాడైనా?"

టీచరమ్మ బిత్తరపోయింది. "మీకేమన్నా పిచ్చా మే? పరీచ్చ అది."

"మా చంద్రగిరిలో రాజులే మంగళారం కత్తి దూసేవోళ్ళు కాదంట టీచరమ్మా. మేమెంత?"

"అందుకే గదా ఓడిపోయినారు," అంది టీచరమ్మ. కానీ ఆ మాట అంటూనే వాకిలి వైపు చూసింది, జీపేమైనా వచ్చిందేమోనని. సోమవారానికి మార్చమని ఆఫీసరుకు ఎవరు చెప్తారు? చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె జీపు చప్పుడుకే లేచి నిలబడే మనిషి.

ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. చేట ఆగిపోయింది.

"ఏ వారం?"

"మంగళారం."

"పోవద్దు."

"పోకుంటే మిషను రాదు గదమ్మా."

"మీ పెద్దమ్మ కత తెలుసు గదా నీకు?"

తెలుసు. మా ఇంట్లో పసిపిల్లలకు అన్నం తినిపించేటప్పుడు చెప్పే కథ అది. మా పెద్దమ్మ కొత్తగా పెళ్ళయిన రోజుల్లో, తొందరపడి మంగళవారం నాడు రైక గుడ్డ కత్తిరించింది. ఆ గుడ్డ మీద కత్తెర పడిన నిమిషానికే దొడ్లో ఆవు పాలివ్వడం మానేసింది. సాయంత్రానికి బావి ఎండిపోయింది. వారం తిరక్కుండానే పెదనాయన పాకాల రైలెక్కి ఎటో పోయి, మళ్ళీ కనబడలేదు. పెదనాయన పోయింది వేరొక ఆవిడతోనని, ఆవిడ కూడా అదే రైలెక్కిందని ఊరంతా చెప్పుకునేది. అమ్మకు మాత్రం నేరస్తురాలు కత్తెరే.

"ఆ వారం గంగమ్మది. ఇనుముతో ఆడుకునే వారం కాదు," అంది అమ్మ. తర్వాత దగ్గు వచ్చింది. చేట కింద పెట్టి, గోడ పట్టుకుని, చాలాసేపు దగ్గింది. నాయన లేచి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. నీళ్ళు తాగి, నా వైపు చూడకుండా అమ్మ అంది: "చినిగిన గుడ్డకైతే వారం లేదు. ఎప్పుడైనా కుట్టుకోవచ్చు. కొత్తదానికే ఈ పీడ."

నాయన నెమ్మదిగా, "పోనీ చినిగిన గుడ్డలే తెమ్మని ఆఫీసరమ్మకు సెప్తే?" అన్నాడు.

"నువ్వు గమ్మునుండప్పా," అంది అమ్మ.

ఆ సోమవారం నేను అన్నం తిన్నానని చెప్పలేను. కంచం ముందు కూర్చున్నాను, అంతే. ఒక పక్క పెద్దమ్మ ఆవు, ఇంకో పక్క మిల్లులో ఖాళీ చోటు. ఏ పక్కకు ఒరిగినా పడేది నేనే.

మంగళవారం పొద్దున అందరం తలస్నానాలు చేసి, పరీక్షకు కాదు, శ్రాద్ధానికి వచ్చినట్టు వచ్చి కూర్చున్నాం. పొద్దున వస్తానన్న ఆఫీసరమ్మ మధ్యాహ్నమైనా రాలేదు. రాకుండా ఉంటే బాగుండునని అందరం మనసులో మొక్కుకున్నాం. చంద్రగిరి అక్క గోవిందుడికి గుండు కూడా మొక్కింది, తన గుండు కాదు, మొగుడి గుండు. ఎండ కాస్త పడమటికి వాలి, సరిగ్గా రాహుకాలం మొదలయ్యే వేళకు, సెంటరు ముందర జీపు ఆగింది. మంగళవారం చాలదన్నట్టు రాహుకాలం. ఆఫీసరమ్మ పంచాంగం చూసుకుని, మాకు ఏది చెడ్డదో వెతికి మరీ వచ్చినట్టుంది.

ఆమె జీపు దిగింది. నా కంటికి దిగుతూనే ఉన్నట్టు కనబడింది, అంత పొడుగు. తెల్ల చీర, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు. ద్వారం దగ్గర తల వంచి లోపలికి వచ్చేసరికి గదిలో సగం వెలుతురు పోయింది. కోస్తా వైపు మనిషి, మాట పుస్తకంలోంచి చదివినట్టు స్పష్టంగా ఉండేది. డ్రైవరు ఎర్ర గుడ్డ ముక్కల కట్ట తెచ్చి బల్ల మీద పడేశాడు. అప్పటిదాకా మా చేతులకు తగలని కొత్త గుడ్డ. గంజి వాసన గది నిండిపోయింది.

"ఎవరి పక్కన ఉన్నవారి కొలతలు వారు తీసుకోండి. జాకెట్టు కత్తిరించి, కుట్టి చూపించండి. ప్రభుత్వం ఇంత ఖర్చు పెట్టి మీకు ఏం నేర్పిందో నేను చూడాలి," అంది ఆఫీసరమ్మ.

నా పక్కన ఉన్నది చంద్రగిరి అక్క. ఆమె చుట్టూ టేపు తిప్పాను. టేపు సరిపోలేదు. ఆ చివర నేను వేలు పెట్టి, అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. అందరమూ కొలతలు తీసుకున్నాం. అందరమూ గుడ్డ పరిచాం. సుద్దతో గీతలు గీశాం. అక్కడ ఆగిపోయాం.

ఒక్క కత్తెర కూడా లేవలేదు.

గది ఎంత నిశ్శబ్దంగా అయిందంటే, ఇటుక మీద టీచరమ్మ కుర్చీ వణుకుతున్న చప్పుడు వినబడింది. ఆఫీసరమ్మ ఒక్కొక్కరి దగ్గరకూ వచ్చి నిలబడింది. ఎవరి దగ్గర నిలబడితే వాళ్ళు సుద్దగీతను మళ్ళీ గీసుకున్నారు. నేను ఒకే గీతను అన్నిసార్లు గీసేసరికి అది గీతలా కాక కాలువలా తయారైంది.

"కత్తిరించండి."

 కారణం చెప్పాలంటే మంగళవారం పేరెత్తాలి. చదువుకున్న ఆఫీసరు ముందు ఆ పేరెత్తితే మూఢులని రాసుకుని పోతుంది. ఎత్తకపోతే పని రానివాళ్ళని రాసుకుని పోతుంది.

"ఏం టీచర్? ఇన్నాళ్ళూ వీళ్ళకు కత్తెర పట్టుకోవడం కూడా నేర్పలేదా?"

టీచరమ్మ నోరు తెరిచింది.  'ఏసయ్యా' కూడా రాలేదు.

"సరే," అంది ఆఫీసరమ్మ. "ప్రభుత్వం సొమ్ము ఇలా తగలేయడానికి కాదు. డ్రైవర్, ఆ గుడ్డలన్నీ మళ్ళీ కట్ట కట్టు. వచ్చే ఏడాదికి ఈ సెంటరు అవసరం లేదని రాస్తాను."

డ్రైవరు నా బల్ల వైపు వచ్చాడు. నా గుడ్డ చివర పట్టుకున్నాడు. ఆ క్షణంలో నాకు మిల్లు కనబడింది. దుమ్ము కనబడింది. అమ్మ పక్క ఖాళీ చోటు కనబడింది, అందులో నేను కూర్చుని దగ్గుతున్నాను. గుడ్డ రెండో చివర నా చేతిలో ఉంది. నేను లాగాను. డ్రైవరు వదిలేశాడు. నేను ఆ గుడ్డతో పెరట్లోకి పరిగెత్తాను.

ఎందుకు పరిగెత్తానో అప్పుడు నాకే తెలియదు. పెరట్లో నీళ్ళ తొట్టి ఉంది. కాళ్ళు అక్కడికే పోయాయి. చినిగినదానికి వారం లేదంది అమ్మ. చించే ధైర్యం నాకు లేదు, అది సర్కారు గుడ్డ. ఉతికితే? ఉతికిన గుడ్డను కొత్త గుడ్డ అని ఎవరంటారు? రెండు చేతులతోనూ ఆ గుడ్డను తొట్టి అడుగుదాకా ముంచేశాను.

వెనుక నుంచి ఆఫీసరమ్మ అరిచిన అరుపుకు రైల్వే గేటు తనంతట తానే పడిందని చెప్తే మీరు నమ్మరు. "ఏయ్ అమ్మాయీ! గవర్నమెంటు గుడ్డ అది! పిచ్చి గానీ పట్టిందా?"

నేను గుడ్డ పైకెత్తాను. తొట్టిలో నీళ్ళన్నీ ఎర్రగా అయిపోయాయి. చేతులు మోచేతులదాకా ఎరుపు. ఎరుపు నా వేళ్ళ సందుల్లోంచి కారి, పాదాల మీద పడుతోంది. పెరట్లోకి వచ్చిన ఆడవాళ్ళంతా ఒక్కసారిగా ఆగిపోయారు. ఎవరో "గంగమ్మ తల్లీ!" అన్నారు. టీచరమ్మ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, ఎందుకైనా మంచిదని చెంపలు కూడా వేసుకుంది. మంగళవారం, రాహుకాలం, తొట్టి నిండా నెత్తురు.  తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాను గానీ, నిలబడింది నేను కాదు, తొట్టే.

అప్పుడు చంద్రగిరి అక్క నోరు తెరుచుకుంది. భయంతో తెరుచుకుందో ధైర్యంతో తెరుచుకుందో ఇప్పటికీ తెలియదు. "కొత్త గుడ్డకు మంగళారం కత్తెర పెట్టకూడదు మేడమ్! అందుకని ఈ పిల్ల దాన్ని పాతది చేసినాది. పని రాక కాదు. మాకు పని వస్తాది. వారమే రాలేదు మాకు!"

 ఆఫీసరమ్మ వెనక్కి తిరిగి, "డ్రైవర్, ఇవాళ మంగళవారమా?" అంది.

"అవును మేడమ్. పొద్దన్నే సెప్దామనుకున్నా. మీరు తిడతారని..."

ఆమె తొట్టి దగ్గరకు వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆమె చూస్తున్నది నన్ను కాదు, నీళ్ళను. ఒక వేలు ముంచి, పైకి తీసి, ఆ ఎర్రవేలును కళ్ళద్దాలకు దగ్గరగా పెట్టుకుని చూసింది. నా చేతిలో గుడ్డ వైపు చూసింది. అది అప్పటికి ఎర్ర గుడ్డ కాదు. జబ్బుపడి లేచిన గులాబీ పువ్వు రంగు. ఒక్క మునకకే రంగంతా దిగిపోయింది.

ఆమె ముఖంలో నేను చూసినదేమిటో గుర్తుపట్టడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. ఆ రోజంతా మేం దాన్నే మోసుకు తిరుగుతున్నాం.

"ఈ గుడ్డ కొన్నది నేను కాదు," అంది.  "పై నుంచి పంపించారు. జిల్లా మొత్తానికీ ఇదే గుడ్డ." తర్వాత మావైపు తిరిగి, "ఎవరైనా అడిగితే, మొదటి నుంచీ ఇదే రంగని చెప్పండి," అంది.

"అట్లనే మేడమ్," అన్నాం అందరం.

"మరి నిలబడ్డారేం? మిగతా ముక్కలు కూడా ముంచండి. ఎలాగూ పాతవి చేశాక ఒక్కటి మాత్రం కొత్తగా ఎందుకు?"

తిరుపతి మే నెల ఎండ మాకు ఆ ఒక్కరోజే చుట్టమైంది. గుడ్డను తీగ మీద వేసి చేతులు దులుపుకునేలోపే ఆరిపోయి, అప్పడంలా గట్టిపడింది. సుద్దగీతలు నీళ్ళలోనే పోయాయి, కొందరి గుడ్డలైతే జానెడు కుంచించుకుపోయాయి. మళ్ళీ కొలిచాం, మళ్ళీ గీశాం. ఇప్పుడు కత్తెరలు లేచాయి. నాది కూడా లేచింది. మొదటి కోత కోసేటప్పుడు కళ్ళు మూసుకున్నాను. పేపరైతే చర్రుమని తెగేది. గుడ్డ అలా కాదు, జారింది, సాగింది, నాకు ఇష్టం వచ్చిన వైపు కాక దానికి ఇష్టం వచ్చిన వైపు పోయింది.

జాకెట్టు కుట్టాను. చంద్రగిరి అక్క తొడుక్కుంది. ఒక చెయ్యి మోచేతి దగ్గర ఆగింది. రెండోది భుజం దాటి రానంది.

ఆఫీసరమ్మ ఆ రెండు చేతులనూ చూసింది. "ఇదేమిటమ్మా?"

నేను ఆ చేతుల వైపే చూస్తూ అన్నాను: "పేపరు మీద రెండూ ఒకటే మాదిరి వస్తాయి మేడమ్."

"పేపరేమిటి?"

టీచరమ్మ గోడ వైపు చూపించింది. ఆఫీసరమ్మ అప్పుడే గోడను చూసినట్టుంది. పేపరు జాకెట్లన్నీ వరసగా వేలాడుతున్నాయి. సరిగ్గా అప్పుడే రైలొకటి పోయింది. అవన్నీ గలగలమన్నాయి. వెనుక భాగం మీదకు మార్చిన మంత్రిగారు ఆమెకు చెయ్యి ఊపారు.

"గుడ్డ ఇవ్వలేదా మీకు? ఇన్నాళ్ళూ?"

"ఇదే మొదటి గుడ్డ మేడమ్," అంది టీచరమ్మ. ఆ మాట పైకి రావడానికి ఆమె కుర్చీని గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది. ఇటుక జారింది, కుర్చీ ఒరిగింది, టీచరమ్మ మాత్రం నిలబడే ఉంది.

ఆఫీసరమ్మ కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. తెల్ల చెంగు మీద ఎర్ర వేలిముద్ర పడింది. "చేతులు విప్పి మళ్ళీ కుట్టు. చీకటి పడేదాకా ఉంటాను," అని నా ఎదురుగానే స్టూలు వేసుకుని కూర్చుంది. అలా కూర్చోకుండా ఉంటే ఇంకొంచెం తొందరగా కుట్టేదాన్ని. ఆమె ఊపిరి నా చెవికి తగులుతుంటే సూదిలో దారం ఎక్కించడానికి పట్టిన సమయంలో మా నాయన గుర్రం అలిపిరికి పోయి రాగలదు. పెద్ద చేతిని తగ్గించి చిన్నదానికి సమానం చేశాను. రెండూ పొట్టివే అయ్యాయి, సమానంగా పొట్టివి.

జీపు ఎక్కబోతూ ఆమె టీచరమ్మతో అంది: "అందరినీ పాస్ అని రాస్తున్నాను. నిధులు రాగానే మిషన్లు వస్తాయి."

ఆ 'రాగానే' అన్న మాట ఎంత పొడుగుంటుందో ఆ రోజు నాకు తెలియదు. ఎండాకాలం పోయింది. వానలు వచ్చాయి, పోయాయి. మిషను రాలేదు. నాయన చిత్తూరికి పోయి అడిగి వచ్చేవాడు, ఫైలు ఉందనేవాళ్ళు. మేస్త్రీ మళ్ళీ కబురు పెట్టాడు. "ఇంగో వారం సూద్దాం," అనేది అమ్మ. ప్రతివారం అదే మాట. ఆ మాట అనేటప్పుడు అమ్మ దగ్గు ఆపుకునేది, నాకు తెలియకూడదని. ఆపుకున్న దగ్గు చప్పుడు దగ్గు కంటే భయంగా ఉంటుంది.

ఒక సోమవారం సాయంత్రం అమ్మ ఆ మాట అనలేదు.  "ఎల్లుండి నాతో రా," అంది.

"రేపే రమ్మన్నాడంట గదా మేస్త్రీ?" అన్నాడు నాయన.

"రేపు మంగళారం. కొత్త పనికి పోయే వారమా అది? బుధవారం పోతాది."

మంగళవారం సాయంత్రం సందులో గోల వినబడింది. నాయన వస్తున్నాడు. ఎవరిదో తోపుడుబండి అడిగి తెచ్చుకున్నాడు. దాని మీద గోనెపట్టా కప్పి, తాడుతో కట్టిన పెద్ద వస్తువు ఉంది. చిత్తూరు నుంచి బస్సు టాపు మీద తెచ్చాడట. వెనక నుంచి తోయాల్సిన బండిని ఆయన ముందు నిలబడి లాగుతున్నాడు, రెండు చేతులూ చాపి, నోటితో గుర్రాన్ని అదిలించినట్టు చప్పుడు చేస్తూ. వాకిట్లో ఆపి పట్టా తీశాడు. నల్లటి మిషను. చక్రం మీద కాగితం ఇంకా అంటుకునే ఉంది.

నేను గడప దాటబోయాను. అమ్మ నన్ను వెనక్కి లాగింది.

"ముట్టుకోవద్దు. మంగళారం."

"రేపటిదాకా వాకిట్లోనే పెడతావా? ఎవుడన్నా ఎత్తుకోనిపోతే?" అన్నాడు నాయన.

అమ్మ మిషను వైపు చూసింది. నా వైపు చూసింది. ఆ చూపులో భయం నాకు స్పష్టంగా తెలిసింది, వారం గురించి కాదు, ఆ మిషను గురించి. తెల్లవారేసరికి సర్కారు వాళ్ళు మనసు మార్చుకుని తీసుకుపోతారేమోనన్న భయం. నాకూ అదే. అమ్మ లోపలికి పోయింది. చెంబు నిండా నీళ్ళతో వచ్చింది. ఎవరూ ఏమీ అనేలోపే ఆ చెంబు నీళ్ళు మిషను మీద కుమ్మరించింది.

"ఏం సేస్తాండావే! తుప్పు పడతాది!" నాయన తలపాగా విప్పి తుడవడానికి దూకాడు.

"పాతదైంది. ఇంగ లోపలికి తే," అంది అమ్మ.

ఆ తుప్పు మచ్చ చక్రం పక్కన ఇప్పటికీ ఉంది. ఎంత నూనె పెట్టినా పోలేదు. నాయన బతికున్నన్నాళ్ళూ దాన్ని చూసినప్పుడల్లా అమ్మను తిట్టేవాడు.

ఆ సాయంత్రమే అమ్మ తన మిల్లు చీర తెచ్చి నా ముందు పడేసింది. కొంగు చినిగి ఉంది. "దీనికి వారం లేదు. కుట్టు," అంది. పెడలు మీద కాళ్ళు పెట్టాను. గుడ్డలోంచి శెనక్కాయల దుమ్ము లేచి దీపం చుట్టూ తిరిగింది. నేను ఊపిరి బిగబట్టి కుట్టాను.

బుధవారం పొద్దున అమ్మ ఆ చీరే కట్టుకుని మిల్లుకు పోయింది. ఒక్కతే పోయింది. ఆ దగ్గు సందు చివరిదాకా వినబడింది. నేను మిషను ముందు కూర్చుని, అది వినబడకుండా పోయేదాకా చక్రం తిప్పలేదు.